మనాలి–లేహ్ సైకిల్ రైడ్: గ్యాడ్జెట్లు ఎక్కడ పనికొచ్చాయి? ఎక్కడ చేతులెత్తేశాయి?

సర్చు టెంట్‌లో రాత్రి రెండింటికి నా స్మార్ట్‌వాచ్ తీసి మా బావ చేతికి పెట్టాను. తల పగిలిపోతోందని అప్పటికి గంట నుంచీ అంటున్నాడు. రక్తంలో ఆక్సిజన్ 86 శాతం అని చూపించింది. "ఈ ఎత్తులో ఇది మామూలే, పడుకో బావా" అన్నాను. కాసేపటికి బయటికి వెళ్దామని లేచిన మనిషి తాగినట్టు తూలి టెంట్ గుంజ పట్టుకున్నాడు. వాచ్‌లో మాత్రం అంకె పెద్దగా మారలేదు.

ఈ రూట్‌కి ఏయే గ్యాడ్జెట్లు కావాలని చాలామంది అడుగుతుంటారు. ఆ సమాధానం ఆ రాత్రితోనే మొదలుపెట్టాలి.

రూట్ ఎలా ఉంటుంది?

పాత దారిలో, అంటే రోహ్తాంగ్ మీదుగా వెళ్తే, దాదాపు 470 కిలోమీటర్లు. రోహ్తాంగ్, బారాలాచా లా, నకీ లా, లాచులుంగ్ లా, టాంగ్లాంగ్ లా అని మొత్తం ఐదు కనుమలు ఎక్కాలి. చివరిది 5,300 మీటర్లు దాటుతుంది. అక్కడ పీల్చే గాల్లో ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే సగం కంటే కాస్త ఎక్కువ, అంతే.

చాలా చోట్ల తారు బాగుంటుంది. కానీ పాంగ్ చుట్టుపక్కల కంకర, దుమ్ము. నల్లాల దగ్గర రోడ్డు మీదే నీళ్లు. ఎండకి మంచు కరిగి మధ్యాహ్నానికి ఆ నీళ్లు పెరుగుతాయి, కాబట్టి పొద్దున్నే దాటేయాలి. గాటా లూప్స్‌లో 21 హెయిర్‌పిన్ మలుపులు. కనీసం 40 ఎంఎం టైర్లు, బాగా తేలిక గేర్లు లేకపోతే సైకిల్ తొక్కడం కాదు, తోయడమే.

ఫోన్, పవర్ బ్యాంక్

జీపీఎస్‌కి సిగ్నల్ అక్కర్లేదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెడితే చాలు. వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లండి. అది ఉన్నా దారిలో చాలా భాగం ఒక్క గీత కూడా రాదు.

20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 74 వాట్ అవర్లు. విమానంలో చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని రెండున్నర సార్లు నింపుతుంది. చలికి లిథియం బ్యాటరీ డల్ అవుతుంది. నా ఫోన్ ఓ తెల్లవారుజామున 30 శాతం దగ్గర ఠక్కున ఆగిపోయింది, చంకలో పెట్టుకుని వెచ్చబెడితే మళ్లీ లేచింది. అందుకే రాత్రిళ్లు ఫోన్, పవర్ బ్యాంక్ స్లీపింగ్ బ్యాగ్‌లోనే పెట్టుకుంటా.

ఒక హెచ్చరిక. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసెంజర్ తీసుకెళ్లడం మన దేశంలో నేరం. విదేశీ రివ్యూలు చూసి కొనేయకండి.

వాచ్ మాట నమ్మొచ్చా?

నేను తప్పు చేసింది ఇక్కడే. చలికి చేతులు బిగుసుకుపోతే, పట్టీ వదులుగా ఉంటే మణికట్టు సెన్సర్ తప్పు చూపించొచ్చు. సరిగ్గా చూపించినా, ఆ అంకె ఒక్కదాన్ని బట్టి మనిషి బాగున్నాడని చెప్పలేం. తలనొప్పికి తోడు నడక తూలుతోందంటే మెదడులో వాపు మొదలైందేమో అని అనుమానించాలి. తెల్లారేదాకా ఆగకుండా కిందికి దిగాలి.

టెంట్ నడిపే ఆవిడని లేపాను. బావ నడక చూసి, నా వాచ్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా, "వెంటనే కిందికి తీసుకెళ్లు" అంది హిందీలో. బయట ఆగి ఉన్న పికప్ డ్రైవర్‌ని ఆవిడే లేపింది. ఇక్కడో చిక్కుంది. సర్చు 4,290 మీటర్లు. మనాలి వైపు దిగాలన్నా ముందు బారాలాచా లా ఎక్కాలి, లేహ్ వైపు వెళ్తే మూడు కనుమలు. ఆ ఎక్కుడంతా బావ నా భుజం మీద వాలి ఉన్నాడు, నేను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. జిస్పా చేరేసరికి టీ అడిగాడు. ఆ ఏడాది రైడ్ అక్కడితో ఆపేశాం.

అసలు తప్పు ప్లాన్‌లో

3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్ల కంటే పెంచకూడదంటారు. మేం జిస్పాలో 3,200 దగ్గర పడుకుని మర్నాడే సర్చు చేరాం, వెయ్యికి పైగా తేడా. సైకిల్ కంప్యూటర్ ఆ రోజు ఎన్ని మీటర్లు ఎక్కామో చక్కగా చూపించి మెచ్చుకుంది కూడా.

మరుసటి ఏడాది డాక్టర్‌ని అడిగాకే మళ్లీ వెళ్లాం. జిస్పాలో రెండు రాత్రులు, మధ్యలో పట్సియో, జింగ్‌జింగ్‌బార్‌లలో ఒక్కో రాత్రి ఆగాం. సర్చులో బావ రెండు ప్లేట్ల మ్యాగీ తిని గురక పెట్టాడు. లేహ్ చేరడానికి మొత్తం 12 రోజులు పట్టింది.

కాబట్టి నా సలహా: బడ్జెట్ తక్కువైతే వాచ్ మానేయండి, ఆ డబ్బుతో ఇంకో మూడు రోజులు సెలవు పెట్టండి. తోడుగా వచ్చినవాళ్లని పొద్దున, రాత్రి ఒక గీత మీద పది అడుగులు నడిపించి చూడండి. దీనికి ఛార్జింగ్ అక్కర్లేదు.