చారాణా కోడికి బారాణా మసాలా... అయినా అమ్మరు!

హిమాయత్‌నగర్ పాత అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఓ మూల తుప్పు పట్టి కనిపిస్తుంది బజాజ్ చేతక్. ‘రిపేరుకి బండి ధర కన్నా ఎక్కువవుతుంది సార్’ అంటాడు మెకానిక్. ‘తుక్కుకి ఇచ్చేద్దాం నాన్నా’ అంటాడు కొడుకు. ‘వచ్చే నెల చూద్దాంలే’ అంటాడు తండ్రి. ఏళ్లు గడిచినా ఆ ‘వచ్చే నెల’ రాదు!

ఎలా వస్తుంది? 1972లో వచ్చిన చేతక్ కోసం ఒకప్పుడు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. ముందు బాబు నిలబడితే, వెనక ఆవిడ ఒళ్లో పాప... అబిడ్స్‌లో పుస్తకాలకైనా, నాంపల్లి నుమాయిష్‌కైనా ఇంటిల్లిపాదినీ మోసింది అదే. స్టార్టవకపోతే ఓ పక్కకి వంచి కిక్కు కొడితే సరి! 2009లో బజాజ్ స్కూటర్లకే స్వస్తి పలుకుతున్నట్టు ప్రకటించింది. 2020లో చేతక్ కరెంటు బండిగా తిరిగొచ్చింది. పేరు అదే... కిక్కే లేదు!

మమకారం సరే, పదిహేనేళ్లు దాటిన సొంత బండి రోడ్డెక్కాలంటే రిజిస్ట్రేషన్ రెన్యువల్ తప్పనిసరి. తుక్కుకిస్తే ఆర్‌సీ రద్దు చేయించాలి. లేదంటే కాగితాల్లో ఓనరు మీరే.

ఆ రెండూ చేయలేని తండ్రి మాత్రం ఆదివారం పూట పాత గుడ్డ పట్టుకుని సెల్లారులోకి దిగుతాడు. సీటు మీది దుమ్ము తుడిచి, పైకొచ్చేస్తాడు.