ఒక గదికి రెండు పేర్లు

ఇంట నొక పేరును, బడిలో మఱియొక పేరును గల బాలుడు ఒక్కడే. ఈ సంగతి నెఱుగనివాడు ఇద్దరు బాలురని వ్రాసికొన్నచో పట్టిక తప్పిపోవును. కంప్యూటరునందును ఇట్టి చిక్కు కలదు. దానిని మా చదువరులకు వివరింప దలచితిమి.

సీ భాషను 1972 ప్రాంతమున డెన్నిస్ రిచ్చీగారు అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రూపొందించిరి. ఈ భాషలో పాయింటరు అనగా మెమరీలోని గదియొక్క చిరునామాను దాచుకొనునది. రెండు పాయింటర్లు ఒకే గదిని చూపుటకు ఏలియాసింగు అని పేరు.

మన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు కంపైలరు, పని త్వరపడుటకై అనవసరమైన మెట్లను తీసివేయును. 'క' చూపు గదిలో 1 ఉంచుము. 'చ' చూపు గదిలో 2 ఉంచుము. పిమ్మట 'క' గదిలోని సంఖ్యను చెప్పుము. గదులు వేఱైన జవాబు 1, ఒకటేయైన 2. సందేహము తీరనంతవఱకు కంపైలరు ఆ గదిని మరల తెఱచి చూడవలసినదే. ఇది లక్షలసార్లు జరుగుచోట కాలము వ్యర్థమగును.

అందుచేత 1989లో వెలువడిన సీ ప్రమాణమునం దొక నియమము చేర్చబడెను. పూర్ణాంకపు గదిని దశాంశసంఖ్యల పాయింటరుతో తెఱువరాదు. అక్షరజాతి పాయింటరుకు మాత్రము ఏ గదినైనను చూచు హక్కు కలదు. కావున 'క' పూర్ణాంకమునకును, 'చ' దశాంశమునకును చెందినచో, గదులు వేఱని నమ్మి కంపైలరు 1 అని చెప్పవచ్చును. ప్రోగ్రాము వ్రాసినవాడు బలవంతముగా జాతి మార్చి, రెంటిని ఒకే గదికి త్రిప్పినయెడల, ఫలితమునకు భాష పూచీపడదు.

అపాయ మిచ్చటనే యున్నది. త్వరపెట్టక నడపినప్పుడు సరియైన జవాబు వచ్చును. జీసీసీ కంపైలరును ఓ2 మెట్టున నడపినప్పుడు, ఏ హెచ్చరికయు లేకుండ తప్పు జవాబు రావచ్చును. లినక్సు కెర్నెలును కట్టువారు ఈ నియమమును కంపైలరు నమ్మకుండునట్లు ఆజ్ఞ యిచ్చెదరు.

1999 ప్రమాణములో 'రిస్ట్రిక్టు' అను పదము వచ్చినది. ఇది "ఈ పాయింటరుతో మార్చు గదిని మఱియొక దారిని ముట్టను" అని వ్రాయువాడు చేయు వాగ్దానము. కంపైలరు దానిని పరీక్షింపదు, నమ్మును.

కావున విద్యార్థులారా, ఒక జాతి గదిలోని బిట్లను మఱియొక జాతిగా చూడవలసినప్పుడు, పాయింటరు జాతి మార్చక, మెమ్‌సీపీవై అను ఫంక్షనుతో వేఱొక గదిలోనికి నకలు తీసికొనుడు. నిజము కాని మాట నమ్మి యంత్రము త్వరపడినచో, త్వరగా లభించునది తప్పే యగును.