తుపాకి పేలని యుద్ధాభ్యాసం

సైనిక విన్యాసాలనగానే ట్యాంకుల కదలిక, ఫిరంగుల గర్జన స్ఫురిస్తాయి. 2024 నవంబరు 11 నుంచి 13 వరకు మన రక్షణ అంతరిక్ష సంస్థ జరిపిన 'అంతరిక్ష అభ్యాస్'లో అవేవీ లేవు. త్రివిధ దళాల అధికారులు, ఇస్రో, డి.ఆర్.డి.ఓ. ప్రతినిధులు బల్లల చుట్టూ కూర్చుని కల్పిత యుద్ధాన్ని నడిపారు.

వారి ముందున్న ముఖ్యమైన ప్రశ్న ఇది: ఉపగ్రహాల సేవలు హఠాత్తుగా ఆగిపోతే సైన్యం గతి ఏమిటి? నేడు నౌకకు దారి చూపేది, సరిహద్దును కనిపెట్టి ఉండేది, సుదూర శిబిరాలకు ఆజ్ఞలు మోసేది ఉపగ్రహమే.

ఈ యుద్ధాన్ని బల్లపైనే అభ్యసించడం ఉపగ్రహాన్ని కూల్చడం చేతకాక కాదు. 2019 జనవరిలో శ్రీహరికోట నుంచి ఎగిరిన మైక్రోశాట్-ఆర్‌ను మార్చి 27న మన క్షిపణి సుమారు 280 కిలోమీటర్ల ఎత్తున ఛేదించింది. ఎత్తు తక్కువ కనుక శకలాలలో అత్యధికం కొద్ది నెలల్లోనే వాతావరణంలో పడి భస్మమయ్యాయి. కాని 2007లో చైనా దాదాపు 860 కిలోమీటర్ల ఎత్తున తన ఉపగ్రహాన్నే పగులగొట్టినపుడు మూడు వేలకు పైగా శకలాలు పుట్టాయి. వాటిలో పెక్కు ఇంకా సెకనుకు 7 కిలోమీటర్లకు మించిన వేగంతో తిరుగుతూనే ఉన్నాయి. వాటికి శత్రుమిత్ర భేదం లేదు.

నింగిలో పోరాడితే గెలిచినవాడికీ నష్టమే. ఉపగ్రహాలు లేకున్నా పోరాడగల సైన్యాన్ని చూస్తే, వాటిని కూల్చాలన్న ఆశ శత్రువుకు సన్నగిల్లుతుంది. ఈ అభ్యాసాల అసలు ప్రయోజనం అదే.