మత్తువైద్యము: అపోహలు – వాస్తవాలు

శస్త్రచికిత్స జయప్రదమైనపుడు బంధువులు శస్త్రవైద్యునికి చేతులు జోడింతురు. అంతసేపును రోగి తలవైపున నిలిచి ప్రాణమును కాపాడిన మత్తువైద్యుని పేరైనను పెక్కుమంది యెరుగరు. ఈ యెరుగమి నుండియే కొన్ని అపోహలు ప్రబలినవి.

అపోహ: సూది వేసి నిద్రపుచ్చుటతో మత్తు డాక్టరు పని ముగియును.

వాస్తవము: అది నిద్రయే కాదు. నిద్రించువాడు పిలిచిన లేచును; పూర్తి మత్తులోనున్నవాడు కోతకైనను కదలడు, ఒక్కొక్కప్పుడు తన ఊపిరిని తాను పీల్చుకొననుజాలడు. అందుచేత శ్వాసను, నాడిని, రక్తపోటును, రక్తములోని ప్రాణవాయువును, దేహోష్ణమును ఎడతెగక కనిపెట్టుచు, రోగి వయస్సును, వ్యాధిని, రక్తస్రావమును బట్టి మందులను హెచ్చించుచు తగ్గించుచు, అతడు తెలివినొంది స్వయముగా ఊపిరి పీల్చుకొనువరకు ఆ వైద్యుడు విడువరాదు.

అపోహ: ఇది కొద్దిపాటి శిక్షణతో అబ్బెడి పని.

వాస్తవము: మనదేశమున ఇంటర్న్‌షిప్పుతో కలిపి 5½ ఏండ్ల ఎం.బి.బి.ఎస్., పిమ్మట 3 ఏండ్ల ఎం.డి.; గుండె శస్త్రచికిత్సలకు మత్తునిచ్చుట వంటి ప్రత్యేకశాఖలలో డి.ఎం. కోరువారికి మరి 3 ఏండ్లు. ఎం.డి. విద్యార్థి పరీక్షకు ముందే సిద్ధాంతవ్యాసము సమర్పింపవలెను గావున, ప్రశ్నను రూపొందించుట, కొలతలు సేకరించుట, గణితముతో నిగ్గుతేల్చుట శిక్షణలోనే అలవడును.

అపోహ: మత్తువైద్యమునకు పరిశోధనతో సంబంధము లేదు.

వాస్తవము: ఇందుకు మన హైదరాబాదే సాక్షి. నాడు మత్తుకు వాడిన క్లోరోఫారము ప్రాణము తీయునది శ్వాసను ఆపియా, గుండెను ఆపియా అను వివాదము తీర్చుటకై, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయముతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ 1888, 1889లలో అచట రెండు విచారణసంఘములను నడిపెను. శ్వాసయే ముందు ఆగునని ఆ సంఘములు తీర్మానించినవి. కాని ఆ మందు చాలీచాలని మోతాదులో గుండె లయను చెరచి ఆకస్మికముగా చంపగలదని 1911లో గుడ్‌మన్ లీవీ నిరూపించెను. అయినను శ్వాసను కనిపెట్టుమన్న హైదరాబాదు హెచ్చరిక నేటికిని శిరోధార్యమే. ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలని ప్రఖ్యాతి గాంచిన రూపాబాయి ఫర్దూంజీ విద్యనభ్యసించినదియు ఆ నగరపు వైద్యపాఠశాలలోనే.

ఈ శాఖవారి శోధన ఆపరేషను గదిని దాటి వ్యాపించినది. 1952లో కోపెన్‌హాగెనున పోలియో ప్రబలి రోగులు ఊపిరాడక మరణించుచుండగా, మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ కంఠనాళమున గొట్టమమర్చి, వైద్యవిద్యార్థులచేత రేయింబవళ్లు చేతితో గాలి నందింపజేసి పెక్కుమందిని బ్రతికించెను. నేటి ఇంటెన్సివ్ కేర్ విభాగములకు అదియే మూలము. గుండె వేగము, శ్వాస, కండరముల బిగువు, ప్రతిస్పందన, దేహవర్ణము అను అయిదు లక్షణములను బట్టి నవజాతశిశువుకు 10 మార్కులకు విలువకట్టు పద్ధతిని 1953లో ప్రకటించిన వర్జీనియా ఆప్గార్ కూడ మత్తువైద్యురాలే.

అపోహ: పరిశోధనలో చేరిన రోగి ప్రయోగవస్తువగును.

వాస్తవము: అట్టి అన్యాయములు పూర్వము జరిగిన మాట నిజమే, వానిని బట్టబయలు చేసినవారిలో అగ్రగణ్యుడును మత్తువైద్యుడే. హార్వర్డు ఆచార్యుడు హెన్రీ బీచర్ 1966లో రోగుల హితమును విస్మరించిన 22 పరిశోధనలను ఎత్తిచూపి వైద్యలోకమును కలవరపరచెను. నేడు నైతికసంఘపు అనుమతియు, రోగి తెలిసి యిచ్చిన సమ్మతియు లేనిదే ప్రయోగము సాగరాదు. కావున పరిశోధనకై సమ్మతిపత్రము చేతికిచ్చినపుడు వెరవక ప్రశ్నింపుడు; ఇష్టము లేనిచో నిరాకరింపుడు; చేరిన పిదపనైనను వైదొలగుడు. అందువలన మీకు రావలసిన చికిత్సలో ఏ లోపమును కలుగరాదు. అది మీ హక్కు.