మేక ముట్టనివే గుట్ట మీద మిగిలాయి

పాలమూరు గుట్టల మీద సీతాఫలం అంత దట్టంగా ఎందుకుందని అడిగితే, అంతా మట్టి మహిమ అంటారు. రాళ్ల నేల, తక్కువ వాన ఆ చెట్టుకు సరిపడిన మాట నిజమే. మేక సంగతి కూడా చెప్పుకోవాలి. సీతాఫలం ఆకును మేక ముట్టదు. తంగేడు జోలికీ పోదు. బతుకమ్మ నాటికి నల్లగొండ బీళ్లు పసుపు పూలతో నిండుతున్నాయంటే, తరతరాలుగా మేకలు రేగును, పరికిని, బలుసును కొరుక్కుతిని తంగేడును వదిలేయడం కూడా అందుకొక కారణం.

పడావు పడ్డ చెలకలో కంపను మేకలతో మేపించాలనుకునే రైతు మొదట గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. మేక ఏరుకుని తింటుంది. చేనులో ఏ మొక్క ఉందో చూసుకున్నాకే మందను పిలవాలి.

గొర్రె, బర్రె తల వంచి గడ్డి మేస్తాయి. మేకకు తల ఎత్తి ఆకు అందుకోవడం ఇష్టం. సన్నని మూతి, అటూ ఇటూ కదిలే పైపెదవి ఉన్నాయి కాబట్టి ముళ్ల మధ్య నుంచి ఒక్కొక్క ఆకునే లాగగలదు. వెనక కాళ్ల మీద లేచి కొమ్మను వంచుకుంటుంది. తుమ్మ, రేగు ఆకులకు వగరునిచ్చే టానిన్లు మాంసకృత్తులను పట్టేసుకుని అరగనివ్వవు. ఆ వగరును మేక గొర్రె కంటే బాగా తట్టుకుంటుంది.

మేక పొట్టలోని సూక్ష్మజీవుల కథ నాకెంతో ఇష్టం. సుబాబుల్ ఆకులో మైమోసిన్ అనే విషం ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఆ ఆకు ఎక్కువగా తిన్న పశువులు జబ్బుపడేవి. హవాయి మేకలకు మాత్రం ఏమీ అయ్యేది కాదు. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త హవాయి మేకల పొట్టలోని ద్రవాన్ని ఆస్ట్రేలియా జీవాలకు ఎక్కిస్తే అవీ ఆ ఆకును అరిగించుకున్నాయి. విషాన్ని విరిచే ఆ బాక్టీరియాకు 1992లో ఆయన పేరు కలిపి సినర్జిస్టెస్ జోన్సీ అని పేరు పెట్టారు.

మేక మేతకే కిరాయి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. 2009లో గూగుల్ సంస్థ కాలిఫోర్నియాలోని తన ఆవరణలో గడ్డి, పొదలు తీయించడానికి దాదాపు 200 మేకలను కిరాయికి తెప్పించింది. మన దగ్గర రైతు కాపరికి ఇచ్చుకునేది ఎరువు కోసం. రాత్రిపూట చేనులో మంద ఆపితే పెంట, మూత్రం నేరుగా మట్టిలోకి దిగుతాయి. అందుకు డబ్బో వడ్లో ముట్టజెబుతారు. చుట్టూ ఉన్న పొదలు శుభ్రం కావడం ఆ బేరంలో లెక్కకే రాదు. రావాలని నా అభిప్రాయం. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్లకుర్మలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది. కానీ గడ్డికి గొర్రె సరే, కంపకు మేకే కావాలి.

ఒక్కసారి మేపితే పొద చావదు. వేళ్లలో దాచుకున్న పిండిపదార్థంతో మళ్లీ చిగురిస్తుంది. ఆ చిగురు ముదిరి వేళ్లకు తిరిగి ఆహారం పంపేలోపే మందను మళ్లీ దింపాలి. ఇలా నాలుగైదు సార్లు చేస్తే వేరు నీరసిస్తుంది. ఇదంతా పూతకు ముందే జరగాలి. ఉత్తరేణి గింజ పట్టాక తోలితే ఆ గింజలు వెంట్రుకలకు అంటుకుని పక్క చేనుకు చేరతాయి. వయ్యారిభామ మీదికి మాత్రం మేకను తోలనే కూడదు. అందులోని పార్థెనిన్ జీవాలకు చెరుపు, పాలు కూడా చేదెక్కుతాయి. దాన్ని పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసుకుని పీకేయాలి.

నల్లగొండ బత్తాయి తోటల్లో ఇంకో చిక్కు. మేకను వదిలితే కొమ్మలు విరిచి, బెరడు గీకుతుంది. ఎదిగిన చెట్ల కింద గడ్డికి గొర్రెలు మేలు. కానీ తోటకు బోర్డో మిశ్రమమో మరో రాగి మందో కొట్టి ఉంటే గొర్రెలను లోపలికి రానివ్వకండి. రాగి గొర్రె కాలేయంలో పేరుకుని ప్రాణం తీస్తుంది. మేక కంటే గొర్రెకే ఈ ప్రమాదం ఎక్కువ.

ఇక సర్కారు తుమ్మ. 1870ల చివర్లో కడప జిల్లాలో నాటిన ఈ చెట్టు ఇవాళ మన చెరువు కట్టలను, శిఖాలను కమ్మేసింది. దీని పచ్చి ఆకును మేక పెద్దగా తినదు, తియ్యని కాయను మాత్రం వదలదు. గట్టి పెంకున్న గింజల్లో కొన్ని నలగకుండా పెంటతో బయటికి వస్తాయి. పొట్టలో నానిన పెంకు మెత్తబడి ఉంటుంది కాబట్టి సులువుగా మొలుస్తాయి. ఎండాకాలంలో కాయ తిన్న మందను నేరుగా చేనులో ఆపించుకుంటే ఎరువుతో పాటు తుమ్మనూ విత్తుకున్నట్టే. కాయలను ముందే ఏరి, ఎండబెట్టి, గింజ నలిగేలా పిండి పట్టించి దాణాలో కొంచెం కలిపితే మేకకు బలం, మొలకకు చావు. చెట్టును గొడ్డలితో నరికి వదిలేస్తే మొదట్లోని మొగ్గల నుంచి మళ్లీ లేస్తుంది. మట్టి తవ్వి, ఆ మొగ్గలున్న మొదలుతో సహా పెకలించాలి. అది మనిషి పని.