అంగన్‌వాడీ పూర్వప్రాథమికవిద్య: నాణ్యతా మాపనం – వరంగల్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీ కేంద్రాల్లో అందే పూర్వప్రాథమికవిద్య నాణ్యతను దేనితో కొలవాలి, ఎవరు కొలవాలి, కొలిచిన తరవాత ఏం చేయాలి అన్నవి ఈ వ్యాసంలోని ప్రశ్నలు. కేంద్రానికంతటికీ ఒకే సగటు అంకె ఇవ్వడం కంటే అంశాలవారీగా పరిశీలించి, ఆ పరిశీలనను టీచరుకు అందే సహాయంతో ముడిపెట్టడమే ఉమ్మడి వరంగల్ వంటి బహుభాషాప్రాంతానికి తగినదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అంగన్‌వాడీ, పూర్వప్రాథమికవిద్య, నాణ్యతా మాపని, మాతృభాష, వరంగల్.

1. నేపథ్యం

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) ఆరు బాధ్యతలను చేపట్టింది. అవి అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, వైద్యానికి సిఫారసు, తల్లులకు పోషణ–ఆరోగ్య విద్య, చిన్నపిల్లలకు అనియత పూర్వప్రాథమికవిద్య. తెలంగాణలో 149 ప్రాజెక్టుల పరిధిలో 35,700 కేంద్రాలు ఏర్పడ్డాయి. 2015 జనవరిలో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకంతో గర్భిణులకు, బాలింతలకు పూట భోజనం కూడా కేంద్రంలోనే పెడుతున్నారు. ఇవన్నీ నడిపేది సాధారణంగా ఒక టీచరు, ఒక ఆయా.

ఈ ఆరింటిలో అయిదు సేవలను లెక్కించడం సులభం. పిల్లవాడి బరువు, ఎత్తు, హాజరు, ఇచ్చిన గుడ్లు, వేసిన టీకాలు రిజిస్టరులోకి ఎక్కుతాయి. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్‌లోకి కూడా వివరాలు చేరుతున్నాయి. ఆరో సేవ అలా పట్టుబడదు. ఉదయం పదిన్నరకు టీచరు పిల్లలతో ఏం మాట్లాడింది, పిల్లలు ఏమన్నారు అన్నదానికి రిజిస్టరులో గడి లేదు. లెక్కకు వచ్చే పనికే టీచరు సమయం ఖర్చవుతుంది, లెక్కకు రానిది వెనకపడుతుంది. నాణ్యతా మాపనం అవసరం ఇక్కడే మొదలవుతుంది.

వరంగల్‌కు ఈ చర్చలో ప్రత్యేకస్థానం ఉంది. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వశాఖ అయిదేళ్లలోపు పిల్లల కోసం చేపట్టిన నర్చరింగ్ నైబర్‌హుడ్స్ ఛాలెంజ్‌లో 2022లో ఎంపికైన పది నగరాల్లో వరంగల్ ఒకటి. తెలుగు ప్రాంతాల నుంచి కాకినాడ మరొకటి. పార్కులు, వీధులు, శిశుసేవా కేంద్రాల పరిసరాలు పిల్లలకు అనువుగా ఉండాలన్నది దాని లక్ష్యం. పరిసరం మారడం అవసరమే. అయితే గోడలకు రంగులు వేసిన కేంద్రంలో బోధన కూడా మారిందా అన్నది వేరే ప్రశ్న. దానికి వేరే కొలత కావాలి.

2. మాపనుల నిర్మాణం

ఈ రంగంలో అత్యధికంగా వాడుకలో ఉన్నది అమెరికాలోని నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో థెల్మా హార్మ్స్, రిచర్డ్ క్లిఫర్డ్ 1980లో ప్రచురించిన బాల్యారంభ పరిసర మాపని (ఎకర్స్). పరిశీలకుడు తరగతిలో కొన్ని గంటలు కూర్చుని ఒక్కో అంశానికి 1 నుంచి 7 వరకు అంకె వేస్తాడు. 1 అంటే సరిపోనిది, 3 కనీసస్థాయి, 5 మంచిది, 7 శ్రేష్ఠం. తమిళనాడులో ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్ దీన్ని అక్కడి బాలవాడీలకు అనుగుణంగా మలిచింది. ఢిల్లీ అంబేద్కర్ విశ్వవిద్యాలయంలోని బాల్యారంభ విద్యా వికాస కేంద్రం భారతీయ పరిస్థితులకు మరో మాపనిని రూపొందించింది.

విధానస్థాయిలో 2013 జాతీయ బాల్యారంభ సంరక్షణ, విద్యా విధానం కొన్ని కనీస ప్రమాణాలను నిర్దేశించింది. 30 మంది పిల్లలకు 35 చదరపు మీటర్ల గది, 30 చదరపు మీటర్ల ఆటస్థలం, మూడేళ్లు దాటిన ప్రతి 20 మందికి ఒక పెద్ద, శిక్షణ పొందిన సిబ్బంది, మాతృభాషలో కార్యక్రమం వాటిలో ఉన్నాయి. వీటిలో గదిని టేపుతో కొలవవచ్చు. మాతృభాషలో కార్యక్రమం జరుగుతోందా అన్నది కూర్చుని వింటే తప్ప తెలియదు.

3. సగటు అంకెలోని లోపం

రెండు కేంద్రాలను ఊహించుకుందాం. మొదటిది సొంతభవనం. జారుడుబల్ల, చిన్న కుర్చీలు, శుభ్రమైన వంటగది ఉన్నాయి. పిల్లలు వరసగా కూర్చుని అక్షరాలు వల్లెవేస్తారు. రెండోది ఇరుకైన అద్దెగది. బతుకమ్మ రోజుల్లో టీచరు తంగేడు, గునుగు, బంతి పూలు తెప్పించి పిల్లల ముందు పోస్తుంది. రంగులవారీగా వేరుచేయిస్తుంది, పొడుగు కాడలను, పొట్టి కాడలను వరసలో పెట్టిస్తుంది. “ఇది ఏ రంగు?” అని అడిగి ఆగదు, “చిన్న పూలు అడుగున పెడితే ఏమైతది?” అని కూడా అడుగుతుంది. వర్గీకరణ, క్రమీకరణ అని మనం పాఠ్యగ్రంథాల్లో చదివే సంఖ్యాపూర్వభావనలు ఇవే.

వసతి, భోజనం–పరిశుభ్రత, భాష–ఆలోచన, టీచరు వ్యవహారశైలి అనే నాలుగు అంశాల్లో మొదటి కేంద్రానికి 6, 6, 2, 2 వచ్చాయనుకుందాం. రెండోదానికి 2, 4, 5, 5. రెండింటి సగటూ 4. ఆ అంకె ఆధారంగా నిధులిచ్చే అధికారికి రెండు కేంద్రాలూ ఒక్కటే. నిజానికి మొదటిదానికి శిక్షణ కావాలి, రెండోదానికి గది కావాలి. పైగా తనిఖీకి వచ్చినవారి కంటికి ముందుగా ఆనేది జారుడుబల్లే.

ఇది ఊహామాత్రమైన ఆందోళన కాదు. అమెరికాలోని నాణ్యతా శ్రేణీకరణ పద్ధతులపై 2013లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం, పిల్లల అభ్యసనాన్ని సూచించడంలో టీచరు–పిల్లల పరస్పర సంభాషణే మిగతా కొలతలకంటే మెరుగని తేల్చింది. మన దగ్గర అసర్ సెంటర్, అంబేద్కర్ విశ్వవిద్యాలయం కలిసి 2011 నుంచి అస్సాం, రాజస్థాన్, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని తెలంగాణ ప్రాంతంలో నాలుగేళ్ల పిల్లలను ఎనిమిదేళ్లు వచ్చేదాకా అనుసరించాయి. 2017లో ప్రచురితమైన ఆ నివేదిక ప్రకారం అయిదేళ్ల వయసులో అధికసంఖ్యాకుల బడి సంసిద్ధత తక్కువగా ఉంది. వయసుకు తగిన కార్యక్రమం ప్రైవేటు కేంద్రాల్లోనూ కొరవడింది. అక్కడ ఎల్‌కేజీ పేరుతో నడిచేది చాలావరకు రాత, లెక్క, కంఠస్థం. ఇంగ్లీషు అక్షరాలు రాసిన నోటుపుస్తకం చూసి పిల్లవాడికి చదువు వస్తోందని తల్లిదండ్రులు నమ్మడంలో వింత లేదు. వారి చేతికి అందే ఆధారం అదొక్కటే.

4. భాష, పరిశీలకుడు

ములుగు, మహబూబాబాద్ ప్రాంతాల్లో ఇంట్లో కోయ, లంబాడా భాషలు మాట్లాడే పిల్లలు కేంద్రానికి వస్తారు. తెలుగు మాత్రమే తెలిసిన పరిశీలకుడు అక్కడ “పిల్లలు మౌనంగా ఉన్నారు” అని రాయవచ్చు. పక్కపిల్లతో గోర్‌బోలీలో గలగలా మాట్లాడుతున్న పాప, తెలుగులో అడిగిన ప్రశ్నకు తలదించుకుంటే అది ఆమె భాషావికాసలోపం కాదు, మాపని లోపం. ఆయాకు ఆ భాష వస్తే, ఆమె ద్వారా జరిగే సంభాషణకు అంకె ఎక్కడ వేయాలో మాపని చెప్పాలి. టీచరును మాత్రమే గమనించే మాపనిలో ఆయా కనిపించదు.

ఇక కొలిచేది ఎవరు? సెక్టారు సూపర్‌వైజరు రిజిస్టర్లు తనిఖీ చేసే అధికారి. ఆమె గుమ్మంలో అడుగుపెడితే ఆట ఆగిపోతుంది, రిజిస్టర్లు బయటికి వస్తాయి. గౌరవవేతనంపై పనిచేసే టీచరు, తనపై నివేదిక రాయగలిగిన వ్యక్తి ముందు తన ఇబ్బందిని చెప్పుకోదు. తనిఖీ, తోడ్పాటు ఒకే చేతిలో ఉండకూడదని నా అభిప్రాయం. ఆస్ట్రేలియాలో 2012 నుంచి అమల్లో ఉన్న జాతీయ నాణ్యతా ప్రమాణం ఏడు రంగాల్లో విడివిడిగా స్థాయి నిర్ణయిస్తుంది. కనీసప్రమాణానికి చేరని కేంద్రాన్ని “ప్రమాణం దిశగా కృషి చేస్తున్నది” అని పేర్కొంటుంది. ప్రతి కేంద్రం తన మెరుగుదల ప్రణాళికను తానే రాసుకుని నిర్వహించాలి. అక్కడి వనరులు మనకు లేకపోయినా ఈ రెండు సూత్రాలను తీసుకోవడానికి ఖర్చు పెద్దగా ఉండదు.

పరిశోధకులకు ఇక్కడ నేరుగా పని ఉంది. మన విద్యాశాస్త్ర పరిశోధనల్లో ప్రశ్నావళి మీద మక్కువ ఎక్కువ. “మీరు ఆటల ద్వారా బోధిస్తారా?” అని అడిగితే కాదనే టీచరు ఉండదు. దానికి బదులు ఇద్దరు పరిశీలకులు ఒకే తరగతిలో విడివిడిగా అంకెలు వేసి, వారి ఏకీభావాన్ని గణించి, విభేదించిన చోట సూచిక వాక్యాన్ని సవరించుకుంటూ పోతే తెలుగులో నమ్మదగిన మాపని తయారవుతుంది. పరిశీలకుల్లో ఒకరికైనా ఆ ఊరి పిల్లల భాష రావాలి. ఒక్కరోజు చూసి వచ్చేయకుండా, పోషణ వివరాలు యాప్‌లో ఎక్కించే రోజు, మామూలు రోజు రెండూ చూడాలి.

మాపనిని అంగన్‌వాడీలకే పరిమితం చేయడం కూడా న్యాయం కాదు. పక్కవీధిలోని ప్రైవేటు నర్సరీని ఎవరూ కొలవకుండా, అంగన్‌వాడీకి మాత్రం 3 అని బోర్డు పెడితే, ఆ అంకె చూసిన తల్లి నోటుపుస్తకం ఉన్న చోటికే వెళుతుంది. 2022 అక్టోబరులో వెలువడిన పునాదిస్థాయి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలున్న అన్ని రకాల సంస్థలకూ ఉద్దేశించినది గనుక, రెండు చోట్లా ఒకే మాపనిని వాడడానికి విధానపరమైన ఆధారం ఇప్పటికే ఉంది.