పార్కు బాగుకు ధార్మిక సంస్థలు – తెలుసుకోవలసిన సంగతులు



మన చింతాద్రిపేట 1734లో నేతపనివారి కోసం వెలసిన పేట. ఇళ్ళు ఇరుకు, వీధులు ఇరుకు. గాలీ వెలుతురూ ఉన్నచోట కూర్చుని చదువుకోవాలంటే మనకు దగ్గరలో ఉన్నది మే డే పార్కు. ఒకప్పటి మద్రాసు గవర్నరు నేపియర్ పేరుతో ఉన్న నేపియర్ పార్కు ఇదే. ఇంట్లో వేరే గది లేని పిల్లలకు పార్కే చదువు గది. మరి దాన్ని బాగా ఉంచడం ఎవరి పని?

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పార్కులు, తోటలు, ఆటస్థలాలను పురపాలక సంస్థల పనుల జాబితాలో చేర్చింది. కాబట్టి మొదటి బాధ్యత కార్పొరేషన్‌ది. కానీ మొక్కలకు నీళ్ళు, దీపాలు, చెత్త ఎత్తడం రోజూ ఉండే పనులు. అందుకే దత్తత పద్ధతి వచ్చింది. మైలాపూరులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున్న పార్కును సుందరం ఫైనాన్స్ కంపెనీ ఇలాగే నిర్వహించి చూపింది.

కంపెనీ చేసిన పని గుడి కమిటీ, చర్చి, మసీదు, గురుద్వారా చేయలేవా? తప్పక చేయగలవు. వారానికోసారి కలిసే అలవాటు, పిలిస్తే పలికే మనుషులు వారి బలం. లండన్‌లో సౌతాల్ పక్కన చెత్త పారబోసే సుమారు 90 ఎకరాల నేలను ‘ఎ రోషా’ అనే క్రైస్తవ సంస్థ, హిల్లింగ్‌డన్ కౌన్సిల్ కలిసి మినెట్ కంట్రీ పార్కుగా మార్చాయి. ఆ చుట్టుపక్కల సిక్కులు, హిందువులు, ముస్లిములు ఎక్కువ. పార్కు అందరిదీ అయింది.

అయితే ఒక జాగ్రత్త. బ్యాంకులో నేను చాలా ఏళ్ళు గుమాస్తాగా పనిచేశాను. తాకట్టు నగ బ్యాంకు బీరువాలోనే ఉంటుంది. అంతమాత్రాన మేనేజరుగారి ఇంట్లో పెళ్ళికి పెట్టుకోవడానికి కుదరదు. పార్కు కూడా అంతే. చూసుకునేవారు సొంతదారులు కారు. పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఆసుపత్రి కట్టడానికి ఇవ్వడం చెల్లదని బెంగుళూరు కేసులో 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పార్కుల్లో, వీధుల్లో అనుమతి లేకుండా కొత్తగా గుడి, మసీదు, చర్చి, గురుద్వారా కట్టరాదని 2009 సెప్టెంబరు 29న ఆదేశించింది. మొదట ఒక చిన్న పటం, తర్వాత అరుగు, ఆ తర్వాత గోడ వెలిస్తే ఆ మతం కాని పిల్లవాడు గేటు దగ్గరే ఆగిపోతాడు.

కనుక ఒప్పందం కాగితం మీద ఉండాలి. అందులో ముఖ్యంగా చూడవలసినవి:

1. గడువు ఎన్నేళ్ళు? మధ్యలో ఎవరు రద్దు చేయవచ్చు?
2. నీరు, కరెంటు, కాపలా ఖర్చు ఎవరిది?
3. శాశ్వత కట్టడం, ప్రవేశ రుసుము ఉండరాదు.
4. సంస్థ పేరు బోర్డు ఎంత పెద్దది, ఎక్కడ?
5. జమా ఖర్చులు ప్రతి ఏడూ గేటు దగ్గర అంటించాలి.

తల్లిదండ్రులారా, మీరు వెళ్ళే ప్రార్థనా స్థలంలో పెద్దలతో ఈ మాట ఎత్తండి. కామర్స్ చదివే పిల్లలూ, ఆ జమా ఖర్చుల పుస్తకం మీరు రాసి పెట్టండి. క్లాసులో నేర్చిన లెక్క పేటకు పనికివస్తుంది, పేటకు చదువుకునే చోటు మిగులుతుంది.